ఆసుపత్రి అగ్రిమెంట్‌లో "పరిమితి లేని బాధ్యత" క్లాజు: సంతకం పెట్టాలా?

బెజవాడ కోడ్:
అందరికీ నమస్కారం. మాది విజయవాడలో చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ, ప్రైవేట్ లిమిటెడ్. డయాగ్నొస్టిక్ సెంటర్లకు, మధ్యస్థాయి ఆసుపత్రులకు బిల్లింగ్, ల్యాబ్ రిపోర్టుల సాఫ్ట్‌వేర్ ఇస్తాం. డేటా మేం అద్దెకు తీసుకున్న క్లౌడ్ సర్వర్‌లోనే ఉంటుంది. ఇన్నాళ్లూ మూడు పేజీల అగ్రిమెంట్‌తో బండి నడిచింది. ఇప్పుడు మా ఆదాయంలో దాదాపు సగం ఇచ్చే ఆసుపత్రుల గ్రూపు ఒకటి కొత్త డేటా రక్షణ చట్టం వచ్చిందంటూ ముప్పై పేజీల అగ్రిమెంట్ పంపింది.

అందులో మూడు క్లాజుల దగ్గర ఆగిపోయాం. రోగుల సమాచారం బయటికి పోతే, కారణం ఏదైనా సరే, వాళ్లకు పడే జరిమానాలు, నష్టాలు, లాయర్ ఖర్చులు అన్నీ మేమే భరించాలట, దానికి పై పరిమితి లేదు. ఏదైనా జరిగిందని తెలిసిన 24 గంటల్లో వాళ్లకు చెప్పాలి, వాళ్ల రాతపూర్వక అనుమతి లేకుండా ఇంకెవరికీ చెప్పకూడదు. మూడోది, డైరెక్టర్లు ఇద్దరం సొంత హోదాలో గ్యారంటీ పత్రం మీద సంతకం పెట్టాలి. నెలాఖరు వరకే గడువు ఇచ్చారు. చట్టంలో 250 కోట్ల జరిమానా ఉందని విన్నప్పటి నుంచి నా పార్ట్‌నర్‌కి టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

సంత వ్యాపారి:
తమ్ముడూ, సగం ఆదాయం ఇచ్చే క్లయింట్‌ని వదులుకుంటావా? సంతకం పెట్టేయ్. ఇలాంటి అగ్రిమెంట్లు మా హోల్‌సేల్ వ్యాపారంలో ఎన్నో చూశాను, ఒక్కటీ కోర్టు దాకా పోలేదు. పెద్దవాళ్లు వాళ్ల లాయర్లు రాసిచ్చింది పంపిస్తారు, మనం పెట్టేస్తాం, అంతే.

కోర్టు మెట్లు:
సంత వ్యాపారి గారూ, సరుకు విషయంలో మీ మాట చెల్లుతుందేమో. సరుకు పాడైతే నష్టం ఎంతో ఇన్వాయిస్ చెబుతుంది. డేటా పోతే నష్టం ఎంతో ఎవరూ ముందుగా చెప్పలేరు. అందుకే పరిమితి లేని క్లాజు ఇక్కడ అంత ప్రమాదం. నేను హైదరాబాద్‌లో కంపెనీ కాంట్రాక్టుల పని చేసే లాయర్‌ని. ఇది మీ అగ్రిమెంట్ చదివి ఇస్తున్న సలహా కాదు, సాధారణంగా చెబుతున్నాను.

ముందు ఆ 250 కోట్ల సంగతి. డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టానికి 2023 ఆగస్టు 11న రాష్ట్రపతి ఆమోదం వచ్చింది. రూల్స్ 2025 నవంబరులో నోటిఫై అయ్యాయి. డేటా ప్రొటెక్షన్ బోర్డుకు సంబంధించినవి వెంటనే అమల్లోకి వచ్చాయి. కంపెనీల మీద పడే అసలు బాధ్యతలకు 18 నెలల గడువు ఇచ్చారు, అంటే 2027 మే. తగిన భద్రత పెట్టకపోతే 250 కోట్ల వరకు, డేటా పోయిందని బోర్డుకూ బాధితులకూ చెప్పకపోతే 200 కోట్ల వరకు జరిమానా. "వరకు" అన్నది గమనించండి. ఎంత వెయ్యాలో తేల్చేటప్పుడు తప్పు ఎంత తీవ్రం, ఎన్నాళ్లు సాగింది, నష్టం తగ్గించడానికి ఏం చేశారు అన్నవి బోర్డు చూడాలని 33వ సెక్షన్ చెబుతుంది.

ఇంకో విషయం చాలామందికి తెలియదు. ఈ చట్టంలో బాధ్యత ప్రధానంగా డేటా ఫిడ్యూషియరీది. అంటే సమాచారం ఎందుకు, ఎలా వాడాలో నిర్ణయించేవాళ్లది. ఇక్కడ అది ఆసుపత్రి. మీరు వాళ్ల తరఫున పనిచేసే ప్రాసెసర్. ప్రాసెసర్ చేసిన పనికి కూడా ఫిడ్యూషియరీదే బాధ్యత, వాళ్లిద్దరి మధ్య ఒప్పందం ఏం చెప్పినా సరే, అని 8వ సెక్షన్ మొదటి ఉపవిభాగంలోనే ఉంది. బోర్డు నోటీసు వచ్చేది ఆసుపత్రికే. చట్టం మీ మీద నేరుగా వెయ్యని భారాన్ని ఆసుపత్రి కాంట్రాక్టు ద్వారా మీ మీదికి దించుతోంది. మీ పార్ట్‌నర్ గారు భయపడాల్సింది చట్టం గురించి కాదు, ఆ ముప్పై పేజీల గురించి.

బెజవాడ కోడ్:
లాయర్ గారూ, చాలా థాంక్స్. అయితే ఆ ఇండెమ్నిటీ, అంటే వాళ్ల నష్టాలన్నీ మేమే భరిస్తామన్న మాట, లేకపోతే వాళ్లు మా దగ్గర ఏమీ రాబట్టలేరా?

కోర్టు మెట్లు:
రాబట్టగలరు, కానీ ఒక హద్దు ఉంటుంది. 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం 73వ సెక్షన్ ప్రకారం ఒప్పందం తప్పినందువల్ల సహజంగా కలిగే నష్టానికి, లేదా అలా జరుగుతుందని ఇద్దరికీ ముందే తెలిసిన నష్టానికి పరిహారం వస్తుంది. దూరపు, పరోక్ష నష్టాలకు రాదు. విడిగా ఇండెమ్నిటీ క్లాజు రాయించుకోవడం వెనక ఉద్దేశమే ఆ గీత దాటి రాబట్టుకోవడం.

డైరెక్టర్ల గ్యారంటీ మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ ఒప్పుకోకండి. ప్రైవేట్ లిమిటెడ్ పెట్టుకున్నదే కంపెనీ అప్పు ఇంటి మీదికి రాకుండా. ఆ ఒక్క కాగితంతో ఆ రక్షణ మొత్తం మీ చేతులతో మీరే తీసేసుకుంటారు. బ్యాంకు లోన్‌కి గ్యారంటీ ఇస్తే కనీసం మొత్తం ఎంతో తెలుసు. ఇక్కడ అదీ తెలియదు.

లాగ్ ఫైల్:
నేను సైబర్ సెక్యూరిటీలో పనిచేస్తాను. రెండో క్లాజు మీద ఎవరూ మాట్లాడలేదు, నాకు అదే ఎక్కువ ప్రమాదంగా కనిపిస్తోంది. "మా అనుమతి లేకుండా ఎవరికీ చెప్పకూడదు" అన్నది చట్టంతో ఢీకొంటుంది.

కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం సైబర్ ఘటన గమనించిన 6 గంటల్లో వాళ్లకు రిపోర్ట్ చెయ్యాలి. ఆసుపత్రికి మాత్రమే కాదు, సర్వీసు ఇచ్చే కంపెనీగా మీకు కూడా ఇది వర్తిస్తుంది. చిన్న సంస్థలకు కొంత వెసులుబాటు ఇచ్చి 2022 సెప్టెంబరు 25 నుంచి అమలు చేశారు. దీనికి 2027 దాకా ఆగాల్సిన పని లేదు, ఇప్పటికే నడుస్తోంది. ఐటీ చట్టం 70బి కింద పాటించకపోతే ఏడాది వరకు జైలు శిక్ష కూడా ఉంది. ఆసుపత్రి అనుమతి కోసం 24 గంటలు కూర్చుంటే మీరు అప్పటికే చట్టం తప్పినట్టు. "చట్టప్రకారం ప్రభుత్వ సంస్థలకు చెప్పాల్సింది మినహా" అన్న ముక్క కచ్చితంగా చేర్పించండి.

అదే ఆదేశాల్లో లాగ్‌లు, అంటే సిస్టమ్‌లో ఎవరు ఎప్పుడు ఏం చేశారో నమోదయ్యే రికార్డులు, 180 రోజులు దాచాలని, సర్వర్ల గడియారాలు ప్రభుత్వ టైమ్ సర్వర్‌తో సరిపోవాలని కూడా ఉంది. కొత్త రూల్స్ ప్రకారం లాగ్‌లు ఏడాది ఉంచాలి. మీ దగ్గర ఇప్పుడు ఎన్నాళ్లవి ఉన్నాయి?

బెజవాడ కోడ్:
నిజం చెప్పాలంటే డిస్క్ నిండితే పాతవి వాటంతటవే పోయేలా పెట్టాం. నెల రోజులవి ఉంటాయేమో.

లాగ్ ఫైల్:
అయితే అగ్రిమెంట్ కంటే ముందు ఆ పని చూడండి. ఏదైనా జరిగిన రోజున "మా వైపు నుంచి పోలేదు" అని మీరు చూపించగలిగేది లాగ్‌లతోనే. లాగ్‌లు లేని కంపెనీ మీద ఎవరు ఏ నింద వేసినా కాదనడానికి ఆధారం ఉండదు. "కారణం ఏదైనా" అన్న క్లాజును "మా తప్పు వల్ల జరిగితే" అని మార్పించినా, తప్పు ఎవరిదో తేల్చే ఆధారం లేకపోతే ఆ మార్పు కాగితానికే పరిమితం.

ఇలాంటి ల్యాబ్ సాఫ్ట్‌వేర్లలో నేను పదేపదే చూసే లోపాలు కొన్ని చెబుతాను. రిపోర్ట్ లింకులో చివర ఉన్న నంబరు ఒకటి మార్చితే పక్క రోగి రిపోర్ట్ తెరుచుకోవడం. బ్యాకప్ ఫైళ్లు పెట్టిన క్లౌడ్ ఫోల్డర్ అందరికీ తెరిచి ఉండటం. ఉద్యోగం మానేసినవాళ్ల లాగిన్ నెలల తరబడి పనిచేస్తూనే ఉండటం. డెవలపర్ టెస్టింగ్ కోసమని అసలు డేటాబేస్ మొత్తం తన ల్యాప్‌టాప్‌లోకి కాపీ చేసుకోవడం. వీటిలో దేనికీ గొప్ప హ్యాకర్ అవసరం లేదు.

2024 ఫిబ్రవరిలో అమెరికాలో ఛేంజ్ హెల్త్‌కేర్ మీద జరిగిన దాడి గురించి వినే ఉంటారు. ఆ దేశంలో ఆసుపత్రులు, మందుల షాపుల బిల్లింగ్‌లో పెద్ద భాగం దాని మీదుగానే నడుస్తుంది. దాదాపు 19 కోట్ల మంది సమాచారం పోయింది. 2 కోట్ల 20 లక్షల డాలర్లు దాడి చేసినవాళ్లకు విమోచన సొమ్ముగా కట్టారు. లోపలికి వచ్చిన దారి ఏమిటంటే, బయటి నుంచి లాగిన్ అయ్యే ఒక పోర్టల్‌కి పాస్‌వర్డ్ తప్ప రెండో తనిఖీ లేదు. మాతృసంస్థ సీఈవో ఆ దేశపు చట్టసభ ముందు ఈ మాట ఒప్పుకున్నారు.

సంత వ్యాపారి:
అంత పెద్దవాళ్ల సంగతి వేరు బాబూ. చిన్న చిన్నవి జరిగితే లోపల్లోపల సర్దుకోవచ్చు కదా. అన్నీ ఊరికి చాటుకుంటే వ్యాపారం ఎలా సాగుతుంది?

కోర్టు మెట్లు:
అలా దాచిపెట్టినందుకే ఉబర్ మాజీ సెక్యూరిటీ అధిపతి జో సల్లివాన్‌ని అమెరికా కోర్టు 2022లో దోషిగా తేల్చింది. 2016లో 5 కోట్ల 70 లక్షల మంది వివరాలు పోయాయి. హ్యాకర్లకు లక్ష డాలర్లు ఇచ్చి, మాట బయటికి రాకుండా ఒప్పందం రాయించుకున్నారు. ఆయనకు మూడేళ్ల ప్రొబేషన్ పడింది. డేటా పోయినందుకు కాదు, విచారణ జరుపుతున్న సంస్థ దగ్గర దాచినందుకు ఆ కేసు. మన చట్టంలోనూ చెప్పకపోవడానికి విడిగా 200 కోట్ల వరకు జరిమానా పెట్టారు. పైగా ఇంత మంది సమాచారం పోతే చెప్పాలి, ఇంతలోపు అయితే అక్కర్లేదు అన్న మినహాయింపు ఏదీ అందులో లేదు. బాధితులకూ బోర్డుకూ ఆలస్యం లేకుండా చెప్పాలి, పూర్తి వివరాలు 72 గంటల్లో బోర్డుకు ఇవ్వాలి.

తెనాలి అమ్మాయి:
చాలాసేపటి నుంచి చదువుతున్నాను, ఇందులో రోగి గురించి ఎవరూ మాట్లాడటం లేదు కాబట్టి రాస్తున్నాను. మా అక్క పెళ్లికి ముందు ఒక ల్యాబ్‌లో రక్తపరీక్ష చేయించుకుంది. హెపటైటిస్ బి పాజిటివ్ వచ్చింది. రిజిస్ట్రేషన్ దగ్గర కౌంటర్లో అబ్బాయి, వెంట వచ్చిన బాబాయి నంబరు రాసుకున్నాడు. రిపోర్ట్ నేరుగా ఆయన వాట్సాప్‌కి వెళ్లింది. ఆయన కంగారులో ఇంకొకరికి పంపి అర్థం అడిగారు. సాయంత్రానికి బంధువులందరికీ తెలిసిపోయింది. అక్కకి మాత్రం అందరికంటే చివర తెలిసింది. ల్యాబ్‌కి వెళ్లి అడిగితే "మీరిచ్చిన నంబరుకే పంపాం" అన్నారు. ఎవరి మీద ఎక్కడ ఫిర్యాదు చెయ్యాలో మాకు తెలియలేదు.

మీ అగ్రిమెంట్‌లో పరిమితి ఎంత అన్నది మీకు ముఖ్యమే. కానీ మా అక్కలాంటి మనిషికి ఏం దక్కుతుంది అందులో?

కోర్టు మెట్లు:
మీ అక్క గారికి జరిగింది చాలా అన్యాయం. మీరు అడిగిన ప్రశ్నకు సమాధానం చెప్పడానికి కూడా బాధగా ఉంది. కొత్త చట్టం కింద వేసే జరిమానా బాధితులకు రాదు, భారత ప్రభుత్వ సంచిత నిధికి జమ అవుతుంది. పాత ఐటీ చట్టంలో 43ఏ సెక్షన్ అని ఉంది, సున్నితమైన సమాచారాన్ని నిర్లక్ష్యంగా కాపాడిన కంపెనీ నుంచి బాధితులు పరిహారం అడగడానికి అదొక దారి. కొత్త చట్టంలోని 44వ సెక్షన్ దాన్ని తీసేస్తుంది, ఆ తొలగింపు కూడా ఆ 18 నెలల గడువు తర్వాతే, అంటే 2027 మేలో, అమల్లోకి వస్తుంది. గోప్యత ప్రాథమిక హక్కని పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తులు 2017 ఆగస్టు 24న ఏకగ్రీవంగా చెప్పిన దేశంలో, హక్కు పోయిన మనిషికి ఈ చట్టంలో పైసా పరిహారం లేకపోవడం నా దృష్టిలో పెద్ద లోటు. వినియోగదారుల కమిషన్‌లో సేవాలోపం కింద ఫిర్యాదు చెయ్యవచ్చు, ఆ దారి ఉంది.

హెచ్‌ఐవీ విషయంలో మాత్రం వేరే చట్టం ఉంది. 2017లో వచ్చి 2018 సెప్టెంబరు నుంచి అమల్లో ఉంది. వ్యక్తి సమ్మతి లేకుండా ఆ స్థితి బయటపెట్టకూడదు, రికార్డులు ఉంచే సంస్థలు డేటా రక్షణ చర్యలు తీసుకోవాలి. బెజవాడ కోడ్ గారూ, మీ సాఫ్ట్‌వేర్‌లో ఆ పరీక్షల రిపోర్టులు కూడా మిగతావాటిలాగే వాట్సాప్‌లో వెళుతుంటే ఇవాళే ఆపండి.

గుంటూరు ల్యాబ్:
నేను ల్యాబ్ నడుపుతాను. అమ్మా, మీ పోస్టు చదివి మనసు కలుక్కుమంది. కౌంటర్ దగ్గర జరిగే సంగతి ఉన్నదున్నట్టు చెబుతాను. పల్లె నుంచి వచ్చే పెద్దవాళ్లలో చాలామందికి సొంత ఫోన్ ఉండదు. కొడుకు నంబరు, ఆర్ఎంపీ నంబరు, ఆటో అతని నంబరు కూడా ఇస్తారు. పొద్దున ఏడింటికి పరగడుపున లైన్లో నిలబడ్డవాళ్లను పేజీల కొద్దీ సమ్మతి పత్రాలు చదవమంటే చదవరు. పంపిన డాక్టరు గారికి ఒక కాపీ వెళ్లడం ఆనవాయితీ.

మేం ఏం మార్చామంటే, రిజిస్ట్రేషన్‌లో "ఈ నంబరు ఎవరిది" అనే గడి ఒకటి పెట్టించాం. సొంతం కాకపోతే రిపోర్ట్ ఫైల్ పంపం, "రిపోర్ట్ సిద్ధం, రసీదుతో వచ్చి తీసుకోండి" అనే మెసేజ్ మాత్రమే వెళుతుంది. మొదట్లో జనం విసుక్కున్నారు, తర్వాత అలవాటైంది. సాఫ్ట్‌వేర్ వాళ్లు ఆ గడి ఇవ్వకపోతే కౌంటర్ కుర్రాడు ఏం చెయ్యగలడు? కాబట్టి ఇది మీ చేతుల్లో కూడా ఉంది బాబూ.

కోర్టు మెట్లు:
గుంటూరు ల్యాబ్ గారూ, మీరు చేసింది చాలా మంచి పని. సమ్మతి నోటీసు పేజీల కొద్దీ ఉండనక్కర్లేదు. ఏ సమాచారం, ఎందుకు తీసుకుంటున్నారు అన్నది మిగతా షరతులతో కలపకుండా, సులువైన మాటల్లో విడిగా చెప్పాలి. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లోని 22 భాషల్లో ఏదైనా ఎంచుకునే వీలు ఇవ్వాలి, అంటే తెలుగులో అడిగితే తెలుగులో చూపాలి. గోడ మీద అతికించిన ఇంగ్లిష్ కాగితం చాలదు.

డబ్లిన్ తెలుగు:
ఐర్లాండ్‌లో కంప్లయన్స్ ఉద్యోగం చేస్తాను. యూరప్‌లో డేటా రక్షణ చట్టం జీడీపీఆర్ 2018 మే 25 నుంచి నడుస్తోంది కాబట్టి ఇక్కడ ఏం జరిగిందో చెబితే మీకు ఉపయోగపడవచ్చు. ఇక్కడ కూడా మొదటి ఏడాది అందరి నోటా ప్రపంచ టర్నోవర్‌లో 4 శాతం జరిమానా అన్న మాటే. ఇక్కడి రెగ్యులేటర్ 2023 మేలో మెటాకి 120 కోట్ల యూరోలు వేసిన మాట నిజమే. కానీ బ్రిటిష్ ఎయిర్‌వేస్ సంగతి చూడండి. 2019లో 18 కోట్ల పౌండ్లకు పైగా వేస్తామని బ్రిటన్ రెగ్యులేటర్ ప్రకటించింది, వివరణలు విన్నాక 2020 అక్టోబరులో 2 కోట్ల పౌండ్లు వేసింది. కోవిడ్ దెబ్బ కూడా లెక్కలోకి తీసుకున్నారు. సహకరించినవాళ్లకూ, ముందు నుంచి పద్ధతులు రాసిపెట్టుకున్నవాళ్లకూ తేడా కనిపిస్తుంది.

మ్యారియట్ కేసు ఇంకో పాఠం. స్టార్‌వుడ్ హోటళ్ల సిస్టమ్‌లోకి 2014లోనే దొంగలు దూరారు. మ్యారియట్ ఆ కంపెనీని 2016లో కొన్నది, విషయం 2018లో బయటపడింది. జరిమానా కట్టింది కొన్నవాళ్లే. రేపు మీ కంపెనీని ఎవరైనా కొనడానికి వస్తే అడిగే మొదటి ప్రశ్నల్లో ఇదొకటి అవుతుంది.

కాకినాడ ఆడిటర్:
ఒక్క మాట. "అనవసరమైన డేటా తీసేయండి" అని అందరూ సలహా ఇస్తారు, మంచిదే, కానీ గుడ్డిగా తీసేస్తే ఇంకో చట్టం పట్టుకుంటుంది. ఇన్‌పేషెంట్ రికార్డులు మూడేళ్లు ఉంచాలి. స్కానింగ్ సెంటర్లలో పీసీపీఎన్‌డీటీ (లింగ నిర్ధారణ పరీక్షల నిషేధ) చట్టం కింద ఫారాలు రెండేళ్లు. జీఎస్టీ లెక్కలు వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు. బిల్లు ఉంచాలంటే రిపోర్ట్ కూడా ఉంచాలని కాదు. ఏ ఫైల్ ఏ చట్టం కింద ఎన్నాళ్లు ఉండాలో ఒక పట్టిక రాసుకుని, అగ్రిమెంట్‌కి అనుబంధంగా పెట్టించండి. ఎన్నాళ్లు ఉంచాలో చెప్పాల్సింది ఆసుపత్రి, మీరు కాదు.

నైట్ షిఫ్ట్ కోడర్:
హైదరాబాద్‌లో అమెరికా ఆసుపత్రులకు మెడికల్ కోడింగ్ చేసే కంపెనీలో ఉన్నాను. మా ఫ్లోర్ మీదికి ఫోన్ రానివ్వరు, పెన్నూ పేపరూ కూడా ఉండవు. రోగుల సమాచార గోప్యతకు అమెరికాలో ఉన్న హిపా చట్టం కింద 2013 నుంచి మాలాంటి కాంట్రాక్టర్ల మీద కూడా నేరుగా చర్య తీసుకోవచ్చు, అందుకే ఆ జాగ్రత్త. నాకో సందేహం, మన కొత్త చట్టం మా పనికి కూడా వర్తిస్తుందా?

కోర్టు మెట్లు:
విదేశాల్లో ఉన్నవాళ్ల డేటాను విదేశీ కంపెనీతో ఒప్పందం మీద ఇక్కడ ప్రాసెస్ చేస్తే, 17వ సెక్షన్ చాలా బాధ్యతల నుంచి మినహాయించింది. తగిన భద్రత పెట్టాలన్న బాధ్యత మాత్రం అలాగే ఉంటుంది. అయితే మీ కంపెనీ తన ఉద్యోగుల డేటా, అంటే మీ ఆధార్, జీతం, హాజరు వివరాలు ఉంచుకుంటుంది కదా, దానికి ఈ మినహాయింపు లేదు.

బెజవాడ కోడ్:
అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. పార్ట్‌నర్, నేను కూర్చుని జవాబు తయారుచేశాం. డైరెక్టర్ల గ్యారంటీ ఇవ్వం. "కారణం ఏదైనా" తీసేసి "మా నిర్లక్ష్యం వల్ల లేదా ఒప్పందం తప్పినందువల్ల" అని అడుగుతున్నాం. బాధ్యతకు పరిమితి రెండేళ్ల ఫీజు, మేం కావాలని దాచినా, డేటా అమ్ముకున్నా ఆ పరిమితి వర్తించదు. ఘటన జరిగితే ఆసుపత్రికి 6 గంటల్లోనే చెబుతాం, సర్ట్-ఇన్‌కి చెప్పడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. సైబర్ ఇన్సూరెన్స్ కోసం కొటేషన్ అడిగాం. లాగ్‌లు ఏడాది ఉండేలా నిన్ననే మార్చాం. "నంబరు ఎవరిది" అనే గడి తర్వాతి వెర్షన్‌లో అన్ని ల్యాబ్‌లకూ ఇస్తున్నాం, డబ్బు తీసుకోకుండా.

లాగ్ ఫైల్:
బాగుంది. ఇన్సూరెన్స్ ఫారంలో "అన్ని లాగిన్లకూ రెండంచెల తనిఖీ ఉందా" అని అడుగుతారు. లేకుండా ఉందని రాస్తే క్లెయిమ్ రోజున పాలసీ నిలవదు. ముందు పెట్టి, తర్వాత ఫారం నింపండి. రిపోర్ట్ లింకుల పరీక్ష మీవాళ్లతో కాకుండా సర్ట్-ఇన్ గుర్తింపు ఉన్న ఆడిటర్‌తో చేయించండి, ఆ నివేదికను ఆసుపత్రి వాళ్ల ముందు పెడితే పరిమితి గురించి బేరమాడటం తేలికవుతుంది.

తెనాలి అమ్మాయి:
ఆ గడి పక్కన ఇంకొకటి కూడా పెట్టగలరా? "రిపోర్ట్ నా చేతికే ఇవ్వాలి" అని. నంబరు సొంతమే అయినా ఇంట్లో ఫోన్ అందరి చేతుల్లోనూ తిరుగుతుంది.

బెజవాడ కోడ్:
పెడతామండి. తెలుగులో ఏం రాయాలో మీరే చెప్పండి, ఆ మాటలే పెడతాం.